తాళానికి దొరకని సైరన్

సైరన్ మోగింది, మేకలు గట్టెక్కాయి, మనుషులు మాత్రం ఎక్కలేదు.

గురమ్మ చెప్పిన సంగతి మొత్తం ఇంతే. ఆ ముక్క చెప్పడానికి ఆవిడ ఏటి ఒడ్డు నుంచి కాలనీ దాకా కొండెక్కి వచ్చింది. వచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, చేతిలో మేకల్ని అదిలించే కర్ర నేలకేసి కొట్టి, సెలవుకి ఇంటికొచ్చిన హరిప్రియని మొహం మీదే అడిగింది.

"ఏటమ్మీ నీ పాట? మా ఛెళీలకి, ఆ మేకలికున్న బుద్ధి మనుషులికి లేకుండా సేసేవు. ముగ్గురు గుంటలు, కోరాపుట్ నుంచి వచ్చేరు. మీ నాన్న సైరన్ ఊదితే సేతులు పైకెత్తీసి కొయ్యబొమ్మల్లాగ నిల్చుండిపోయేరు. నానెళ్ళి సొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చేను. ఈడ్చితే నా మీద నవ్వుతారేటి! 'ముసిల్దానా, నువ్వు కదిలేవు, ఓడిపోయేవు' అంటాడొకడు."

హరిప్రియకి చేతిలో టీ గ్లాసు బరువెక్కింది.

ఒడిశా కొండల్లో ఉన్న గొడ్డిపుట్టు డ్యామ్ పెద్దదేం కాదు. మాచ్‌ఖండ్ పోయే రోడ్డులో ఎడమ చేతికి తిరిగి, జీడితోటల్లోంచి పోతే వస్తుంది. నాలుగు గేట్లు, కింద రాళ్ళ ఏరు, పైన కొండ మీద స్టాఫ్ క్వార్టర్లు. ఆ క్వార్టర్లలో సగం పైన సిక్కోలు, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. గేట్ల ఆపరేటర్ రమణమూర్తి కూడా అంతే. పలాస దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే కూతుర్ని కని, ఇక్కడే తల నెరిపించుకున్నాడు. ఆయనకి ఆస్తి లేదు గానీ ఒక గర్వం మాత్రం ఉంది. ఆయన గేటెత్తిన నీళ్ళలో ఇంతవరకూ ఒక్క ప్రాణం పోలేదు. "నా సైరన్ మోగిందంటే సీమ కూడా గట్టెక్కుతాది" అంటాడు. అనడమే కాదు, నమ్ముతాడు.

పద్ధతి ఒకటుంది. గేటెత్తే ముందు మూడు సైరన్‌లు ఊదాలి. మూడూ ఒకే నిడివి, మధ్యలో ఒకే ఎడం. ఆ తర్వాత మైకులో కేక వెయ్యాలి, ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో. ఆ కేకకి ఎవరూ రాసిచ్చిన మాటలు లేవు. రమణమూర్తి తన నోటికి వచ్చినట్టు అరిచేవాడు. "ఓయ్! గేట్లెత్తుతన్నాం! ఏట్లో ఎవులున్నా పైకొచ్చీండి!"

కింద ఊళ్ళో పిల్లలకి ఆ కేక వింటే ప్రాణభయం. బట్టలుతికే ఆడవాళ్ళు తడిబట్టలు వదిలేసి పరిగెత్తేవాళ్ళు. పైన కాలనీ పిల్లలకి మాత్రం అదొక సరదా. ఏరు ఎక్కడో కింద ఉంది, వాళ్ళు కొండ మీద ఉన్నారు. సైరన్ మోగితే నాన్న ఆలస్యంగా వస్తాడని, ఆయన కంచం మీద మూత పెట్టాలని అర్థం, అంతే. హరిప్రియ చిన్నప్పుడు సైరన్‌తో పాటు గొంతు కలిపి కూత పెట్టేది. దొరికినంత మంది పిల్లల్ని పోగుచేసి పెట్టించేది కూడా. భయం తెలియని చోట పెరిగిన పిల్లకి ఆ చప్పుడు తియ్యగా వినపడటంలో వింతేముంది?

ఆ తియ్యదనమే పాటయింది. కోరాపుట్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసుకుంటూ, మిగతా వేళంతా లాప్‌టాప్‌లో శబ్దాలు అతికించుకునే హరిప్రియ, రాయగడలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే విమల్ కుమార్, ఇద్దరూ కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు 'పవర్ కట్'. విమల్ వాళ్ళమ్మ వసంతకుమారి ఈ కాలనీ డిస్పెన్సరీలోనే నర్సు. ఇద్దరూ ఒకే వరండాల్లో దెబ్బలాడుకుంటూ పెరిగినవాళ్ళు. ఒక వానాకాలం సాయంత్రం వరండాలోంచి హరిప్రియ ఫోన్‌లో పట్టిన సైరన్‌నీ నాన్న కేకనీ వినిపిస్తే విమల్ లేచి నిలబడ్డాడు.

"మూడు కూతలూ సరిగ్గా తాళంలో ఉన్నాయి ప్రియా! మీ నాన్న గడియారం పెట్టుకుని ఊదుతాడా ఏంటి?"

"అదొక్కటే వచ్చు ఆయనకి. అది మాత్రం తప్పడు."

అలా 'పైకొచ్చీండి' పుట్టింది. మొదట మూడు సైరన్‌లు, తర్వాత రమణమూర్తి కేక, ఆ కేక చివర్న డబ్బాలు పగిలినట్టు దరువు, ఆ మీద విమల్ గొంతు. నెట్‌లో పెట్టాక మొదట్లో పలకరించినవాడు లేడు. కాలనీ ఆడవాళ్ళు విని "పాటా ఇది, మిక్సీయా?" అన్నారు. వసంతకుమారి అయితే "దేవుడిచ్చిన గొంతు దీనికా పెట్టేవు" అని కొడుకుని రెండు రోజులు వేపుకు తిన్నది.

తర్వాత రాయగడలో ఒక కాలేజీ వేడుకలో ఎవరో కుర్రాళ్ళు ఆ పాటకి ఒక ఆట కట్టారు. సైరన్ మోగినంతసేపూ చేతులు పైకెత్తి కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోవాలి. రమణమూర్తి కేక అయ్యి దరువు పడ్డాకే కదలాలి. ముందు కదిలినవాడు ఓడినట్టు. ఆ వీడియో ఒకరి ఫోన్‌లోంచి ఒకరి ఫోన్‌లోకి ఎక్కి ఘాట్ రోడ్డు దిగిపోయింది. సాలూరు ఆటోల్లో, పార్వతీపురం పెళ్ళిళ్ళలో, విశాఖ బీచిలో ఎక్కడ చూసినా సైరన్, కొయ్యబొమ్మలే. పెళ్ళికొడుకులు తాళి పట్టుకుని బిగుసుకుపోయారు. ఒక పోలీసాయన యూనిఫామ్‌లో బిగుసుకుపోయి పైవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు.

రమణమూర్తి ఆనందం చెప్పనలవి కాదు. జయపురం బస్సులో ఆ పాట మోగుతుంటే కండక్టర్ భుజం తట్టి "ఆ గొంతు నాదే" అన్నాడట. కోరాపుట్ సంతలో కూరలమ్మే ఆవిడ నమ్మక, "ఏదీ, ఓ కేకెయ్యి" అంటే అక్కడే అరిచాడట. సంతంతా బిగుసుకుపోయిందట. ఇంటికి వచ్చి సంచీలోంచి గుప్పెడు కొసరు పచ్చిమిరపకాయలు తీసి కూతురికి చూపించి, "ఇది నా పారితోషికం అమ్మీ" అని మురిసిపోయాడు. సంత మొత్తం కదలకుండా నిలబడిందన్న మాటలో ఏముందో ఆ రోజు తండ్రికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు.

గురమ్మ వచ్చి వెళ్ళాక తట్టింది. ఆ రాత్రి హరిప్రియ విమల్‌కి ఫోన్ చేసింది.

"మనం ఏదో ఒకటి చెయ్యాలి విమల్. పాట తీసేద్దాం, లేదా సైరన్ తీసేసి మళ్ళీ పెడదాం."

హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్ళు పాట కొంటామని, పెద్ద వీడియో తీస్తామని వచ్చే వారం వస్తున్నారు. సైరన్ ఇంకా గట్టిగా వినపడాలని ముందే చెప్పారు. బడి మానేసి పాటలతో బతకొచ్చన్న ఆశ విమల్‌కి పుట్టి ఎన్నాళ్ళో కాలేదు.

"వానలు పోయాయి కదా ప్రియా. మళ్ళీ గేట్లెత్తేది వచ్చే ఏడాదేగా. కంపెనీ వాళ్ళ వీడియోలోనే ఒక మాట వేద్దాం, నిజం సైరన్ మోగితే పరిగెత్తండీ అని. ఈ లోపు తొందరపడకు."

తొందరపడలేదు హరిప్రియ. ఆశ ఆమెకి మాత్రం లేదా ఏమిటి? సరేనని ఫోన్ పెట్టేసింది. నిద్ర మాత్రం పట్టలేదు.

వానలు పోయాయన్నది మనుషుల మాట. కార్తీకంలో సముద్రంలో వాయుగుండం పట్టింది. గొడ్డిపుట్టులో చినుకు లేదు, ఎండ నెత్తిన కాస్తోంది. పైన కొండల్లో మాత్రం రెండు రోజులుగా ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. కింద ఏట్లోంచి చూసేవాడికి ఆ సంగతి ఏ మాత్రం తెలియదు. డ్యామ్ వెనక నీళ్ళు మాత్రం ఎర్రగా ఉబ్బుకొస్తున్నాయి.

ఆదివారం నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకుని హరిప్రియ గేట్ల గది దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అవతల ఇంజినీరు ఈశ్వరప్రసాద్ గొంతు బయటికి వినిపిస్తోంది.

"రమణమూర్తిగారూ, పైనుంచి వచ్చే నీళ్ళు నేను చెప్పినదానికన్నా ఎక్కువున్నాయి. ఇంక ఆగొద్దు. సైరన్ కొట్టి రెండో గేటు ఎత్తండి."

"అలాగే సార్."

రమణమూర్తి సైరన్ మీట నొక్కాడు. కూత కొండల్ని చుట్టి వచ్చింది. అలవాటు చొప్పున కిటికీలోంచి ఏటి వైపు చూసి, చూపు తిప్పుకోబోయి, మళ్ళీ చూశాడు.

"అమ్మీ, ఆళ్ళెవులు?"

ఏటి మధ్యలో నడిమిరాయి ఉంది. ఏనుగుల మంద పడుకున్నంత వెడల్పు బండ. గట్టు నుంచి దాని మీదికి పోవాలంటే వరసగా ఉన్న రాళ్ళ మీద అడుగులేసుకుంటూ పోవాలి. ఆ బండ నిండా జనం. రంగురంగుల చొక్కాలు, ఒక పెద్ద బ్యాటరీ స్పీకరు. యాభై మంది పైనే ఉంటారు. అందరూ చేతులు పైకెత్తి, కదలకుండా, నవ్వు బిగబట్టుకుని నిలబడి ఉన్నారు.

బండ పక్క ఇసుకలో మేస్తున్న గురమ్మ మేకలు మాత్రం సైరన్ చెవిన పడగానే ఒకదాని వెనక ఒకటి గట్టు మీదికి ఎగబాకుతున్నాయి.

హరిప్రియ ఫోన్ తీసి చూసింది. ముందు రోజు విమల్ పెట్టిన ప్రకటన ఇప్పుడు కనపడింది. 'ఈ ఆదివారం గొడ్డిపుట్టు నడిమిరాయి మీద అభిమానుల పిక్నిక్. పాట పుట్టిన చోటే పాట!' ఆమెకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడో, వద్దంటుందని చెప్పలేదో. ఫోన్ చేస్తే కలవలేదు. కింద ఆ లోయలో ఎవరి ఫోనూ పని చెయ్యదు.

రెండో సైరన్ మోగింది. బండ మీద ఒక్కరూ కదల్లేదు. మూడోది మోగింది. రమణమూర్తి మైకు నోటి దగ్గర పెట్టుకుని ఛాతీ పగిలేలా అరిచాడు.

"ఓయ్! గేట్లెత్తుతన్నాం! ఏట్లో ఎవులున్నా పైకొచ్చీండి!"

కింద నుంచి ఒక్కసారిగా కేరింత లేచింది. అసలు గొంతు, అసలు సైరన్! దరువు పడినట్టే అందరూ ఎగిరి గంతులేశారు. అంతకన్నా గొప్ప సంబరం ఆ బండ మీద ఇంతవరకూ జరిగి ఉండదు.

రమణమూర్తి చేతిలోంచి మైకు జారింది. ఫోన్ మళ్ళీ మోగింది.

"ఎత్తారా?"

"లేదు సార్. ఏట్లో జనం ఉన్నారు."

"సైరన్ కొట్టలేదా?"

"కొట్టేను సార్. మూడూ కొట్టేను. కేకా ఏసేను. ఆళ్ళు ఆడుతున్నారు సార్."

"కొద్దిగా ఎత్తండి. నీళ్ళు చూస్తే వాళ్ళే పరిగెడతారు."

"కొద్దిగా ఎత్తినా అడుగురాళ్ళు మునిగిపోతాయి సార్. ఆళ్ళు బండ మీద ఇరుక్కుపోతారు. ఆ తర్వాత నాను పూర్తిగా ఎత్తలేను, దించలేను. మనుషులు ఒడ్డెక్కేదాకా నాను ఎత్తను. తర్వాత మీరు నన్నేటి సేసినా సెయ్యండి."

అటువైపు ఇంజినీరు ఏదో అరుస్తున్నాడు. గేటు పై అంచు మీంచి పల్చటి నీటిపొర అప్పుడే కిందికి కారడం మొదలెట్టింది. ఆ నీళ్ళు నిండితే గేటు సంగతేమిటో, డ్యామ్ సంగతేమిటో హరిప్రియకి అడిగే ధైర్యం లేదు. క్యారేజీ అక్కడే వదిలేసి ఆమె పరుగందుకుంది.

కొండ మెట్లు దిగడం ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు. 'నా పాటే. నేను చేసిందే. వాళ్ళు చచ్చిపోతే నేను చంపినట్టే.' ఈ ఒక్క మాటే ఊపిరితో పాటు లోపలికీ బయటికీ తిరుగుతోంది. కింద గట్టు మీద వాచ్‌మన్ గౌరీశంకర్ ఈల ఊది ఊది బుగ్గలు వాచిపోయి ఉన్నాడు.

"నా ఈలకి తాళం ఏస్తన్నారమ్మా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

హరిప్రియ అడుగురాళ్ళ మీద పడుతూ లేస్తూ బండ చేరింది. ఆమెని చూడగానే గోల మిన్నంటింది. "హరిప్రియ! పవర్ కట్! పవర్ కట్!" ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

"పైకి రండి! ఇది నిజం! గేట్లెత్తుతున్నారు, పైకి రండి!" అని అరిచింది.

అరిచిన మాట పాటలో మాటే అయింది. యాభై మంది ఒక్క గొంతుతో "పైకొచ్చీండీ!" అని అందుకున్నారు. ఎవరి చెయ్యి పట్టుకుని లాగినా వాళ్ళు నవ్వుతూ బిగుసుకుపోతున్నారు. ముందు కదిలినవాడు ఓడిపోతాడు కదా!

జనాన్ని తోసుకుంటూ విమల్ దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది. అతను డ్యామ్ వైపు చూశాడు. గేటు మీంచి కారుతున్న నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. విమల్ స్పీకర్లో పాట ఆపేసి మైకు తీసుకుని, "ఫ్రెండ్స్, పాట కాదు, నిజం సైరన్! దయచేసి..." అన్నాడు. ముందు వరసలో ఒకడు "అబ్బ, ఏం యాక్టింగ్ బ్రో!" అని చప్పట్లు కొట్టాడు. వెనకాల వాళ్ళు అందుకున్నారు. విమల్ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపుని కూడా వీడియో తీస్తున్నారు.

గట్టు మీద గురమ్మ మేకల్ని వదిలేసి మొదటి అడుగురాయి మీదికి దిగి, కర్ర ఊపుతూ బూతులు తిడుతోంది. ఆ తిట్లకీ నవ్వులే.

హరిప్రియ చుట్టూ ఉన్న మొహాలు చూసింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆమె పాటని ప్రేమించి ఇంత దూరం వచ్చినవాళ్ళు. నిజం చెబితే నమ్మరు, భయపెడితే నవ్వుతారు. ఏం చెబితే కదులుతారు వీళ్ళు? అన్ని చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అన్ని ఫోన్లూ ఆమెకేసే చూస్తున్నాయి.

విమల్ చేతిలోంచి మైకు లాక్కుంది. మొహాన నవ్వు పులుముకుంది. ఆ నవ్వు పులుముకోవడానికి ఎంత బలం కావలసి వచ్చిందో ఆమెకే తెలుసు.

"సరే సరే, బాగా చేశారు! కట్!" అంది. "ఇప్పుడు అసలు షూటింగ్. హైదరాబాద్ వాళ్ళ వీడియో. కెమెరా గట్టు మీద ఉంది, ఆ మద్ది చెట్టు కింద! ముందొచ్చిన పాతిక మందికే క్లోజప్! మిగతావాళ్ళు వెనక వరస!"

అంతే, బండ మీద తొక్కిసలాట మొదలైంది.

సైరన్‌కి కదలనివాళ్ళు, కేకకి కదలనివాళ్ళు, క్లోజప్ అనేసరికి మేకల్ని మించి పరిగెత్తారు. అడుగురాళ్ళ మీద ఒకరినొకరు తోసుకుంటుంటే గురమ్మ చివరి రాయి దగ్గర నిలబడి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని గట్టు మీదికి విసిరినట్టు లాగుతోంది. "ఎక్కు, ఎక్కు! నీ మొగం సినిమాలో సూడాలి, ఎక్కు!" అంటోంది. ఆవిడకి విషయం ముందే అర్థమైపోయింది. ఒకమ్మాయి చెప్పు జారి నీళ్ళలో పడితే తీసుకుంటానని వంగింది. గురమ్మ జడ పట్టుకుని లాగేసింది. విమల్ స్పీకర్ మొయ్యబోతుంటే హరిప్రియ అతని చెయ్యి కొట్టి వదిలించింది.

బండ మీద తనూ విమలే మిగిలారనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అవతలి అంచున ఇంకొకతను ఉన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వీపు ఇటు, చేతులు పైకి. తన ఫోన్ ఒక రాయికి ఆనించి తన వీడియో తను తీసుకుంటున్నాడు. బిగుసుకుపోయి, ఎవరికన్నా ముందు కదలకూడదని పట్టుదలగా నిలబడి ఉన్నాడు. హరిప్రియ వెళ్ళి ఆ ఫోన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది ఏట్లో పడింది. అతను "ఏయ్!" అని ఆమె మీదికి వచ్చాడు. ఆమె ముందు పరుగు, వెనక అతని పరుగు, గట్టు దాకా తిట్టుకుంటూనే వచ్చాడు.

గట్టెక్కాక హరిప్రియ డ్యామ్ వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. గేట్ల గది కిటికీలో చిన్నగా కనపడుతున్న మనిషి కదిలాడు.

రెండో గేటు లేచింది. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. ఎర్రటి నీళ్ళు అడుగురాళ్ళని ఒక్క గుక్కలో మింగి, నడిమిరాయి మీదికి ఎక్కి, స్పీకర్‌ని అగ్గిపెట్టెలా ఎత్తుకుపోయాయి. బండ ఉన్నచోట సుడి మిగిలింది.

మద్ది చెట్టు కింద క్లోజప్ కోసం ఎగబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. ఈసారి నిజంగా బిగుసుకుపోయారు. ఎవరో అమ్మాయి వెక్కిళ్ళు పెట్టింది. ఫోన్ పోయినతను హరిప్రియ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అందరూ అలా నిలబడిపోయి ఉండగా వెనక నుంచి ఒక గొంతు మెల్లగా అంది.

"సూపర్ ఉంది. ఇదే పెట్టండి వీడియోలో."

ఆ మాటన్నది ఎవరో హరిప్రియ చూడను కూడా లేదు. తిన్నగా కొండ మెట్ల వైపు నడిచింది.

సాయంత్రం రమణమూర్తి ఇంటికి వచ్చి, ఎప్పుడూ లేనిది, చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. కూతుర్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది. గోడకి ఆనుకుని కూర్చుని అడిగాడు.

"అమ్మీ, నాను నిజం సెప్తన్నానని ఆళ్ళు నమ్మాలంటే నానింక ఏటి సెయ్యాలి?"

ఆమె వెళ్ళి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన కూతురి తల నిమిరాడు.

ఆ రాత్రే పాట తీసేశారు. విమలే హైదరాబాద్ వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. తీసేస్తే మాత్రం ఏం లాభం? చల్లిన గింజలు ఏరగలమా? పాట వేల ఫోన్లలో ఉంది, ఆటోల్లో ఉంది, పెళ్ళి బ్యాండ్ల దగ్గర ఉంది. నడిమిరాయి మునిగిన వీడియో బయటికి వచ్చాక పాట ఇంకా పాకింది. 'ప్రాణాలకి తెగించిన బ్యాండ్' అని ఎవరో రాశారు. అది చదివి విమల్ ఫోన్ గోడకేసి కొట్టాడు.

ఈశ్వరప్రసాద్ కాలనీకి వచ్చి రమణమూర్తిని పిలిపించాడు. గేటెత్తనందుకు కాగితం మీద మందలించక తప్పలేదు, మనసులో దణ్ణం పెట్టుకోకా తప్పలేదు. చివర్న అన్నాడు.

"సైరన్ మార్చాలి రమణమూర్తిగారూ. కేక కూడా. ఏమీ అనుకోకండి. మీ గొంతు ఇంక పనికిరాదు."

"తెలుసు సార్" అన్నాడాయన.

కొత్త సైరన్ నేను చేస్తానంది హరిప్రియ. ఇంతవరకూ ఆమె చేసిందంతా వినేవాడికి నచ్చాలని చేసింది. ఇప్పుడు ఎవరికీ నచ్చని శబ్దం చెయ్యాలి. ఒకసారి విన్నవాడు మళ్ళీ వినకూడదు, కూనిరాగం తియ్యకూడదు, పక్కవాడికి పంపకూడదు. విన్నవాడు ఉన్నచోటు వదిలి పారిపోవాలి. ఇంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

మొదటిది చేసి వినిపిస్తే విమల్ శ్రద్ధగా విన్నాడు. హరిప్రియ అతని మొహం చూడలేదు, కాలు చూసింది. పాదం తెలియకుండానే నేల మీద తాళం వేస్తోంది. ఆమె చూపు చూసి అతను గతుక్కుమని కాలు వెనక్కి లాక్కున్నాడు. అది చెరిపేసింది. రెండోదీ అంతే. కూతల మధ్య ఎడం సమానంగా ఉన్నంతకాలం మనిషి పాదం ఊరుకోదని అప్పుడర్థమైంది. నాన్న తప్పకుండా ఊదిన ఆ సమానమైన ఎడమే కదా మొదట వాళ్ళిద్దరికీ నచ్చింది! అందుకని ఎడాలు విరగ్గొట్టింది. ఒక కూత పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి మధ్యలో తెగి మళ్ళీ లేస్తుంది. కంచం మీద మేకు గీసినట్టు ఒక రొద. ఆ మీద మాట ఎవరిదన్న ప్రశ్న వస్తే గురమ్మని కూర్చోబెట్టింది. పాడినట్టు వద్దు, మేకల్ని తిట్టినట్టు తిట్టమంది. ఆ పని గురమ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పూర్తయ్యాక నాన్నకి వినిపించింది. ఆయన సగంలోనే చెవులు మూసుకున్నాడు.

"ఛీ! ఏటమ్మీ ఇది? కడుపులో దేవేస్తంది."

"నిజంగా బాలేదా నాన్నా?"

"సస్తే బాలేదు."

చాలా నెలల తర్వాత హరిప్రియ మనసారా నవ్వింది.

మరుసటి వానాకాలం మొదటిసారి గేటెత్తే రోజు ఆమె కోరాపుట్‌లో సెలవు పెట్టి వచ్చింది. ఏట్లో చేపలు పడుతున్నవాళ్ళు కొందరు, పిక్నిక్‌కి వచ్చిన కుర్రాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళ స్పీకర్లో మోగుతున్నది 'పైకొచ్చీండి'. ఆమె గేట్ల గది కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకుంది.

కొత్త మీట నొక్కే ముందు రమణమూర్తి ఒక్క క్షణం ఆగాడు. పాత మైకు ఇంకా మేకుకి వేలాడుతూనే ఉంది, తీగె తెంపేసి ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. దాని వైపు కొంచెం వంగి, పక్కనున్న కూతురికి తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"ఓయ్. గేట్లెత్తుతన్నాం. ఏట్లో ఎవులున్నా పైకొచ్చీండి."

అప్పుడు మీట నొక్కాడు.

కింద కుర్రాళ్ళు చెవులు మూసుకుని పరుగెత్తారు. స్పీకర్ వదిలేశారు, చెప్పులు వదిలేశారు. గట్టెక్కి ఒకడు డ్యామ్ వైపు చెయ్యి చూపించి తిడుతున్నాడు. "ఎవడ్రా ఈ దరిద్రపు శబ్దం పెట్టింది!" అన్న మాట పై దాకా వినిపించింది. గురమ్మ మేకలకి కొత్త చప్పుడు ఇంకా అలవాటు కాలేదు. అవి మెడలెత్తి దిక్కులు చూస్తుంటే గురమ్మ కర్రతో ఒక్కొక్కదాన్నీ గట్టు మీదికి తోలుతోంది.

ఏటి మధ్యలో వదిలేసిన స్పీకర్లో రమణమూర్తి గొంతు ఇంకా అరుస్తూనే ఉంది. నీళ్ళు వచ్చి దాన్ని ముంచేదాకా తండ్రీ కూతుళ్ళిద్దరూ అక్కడే నిలబడి విన్నారు.